క్రోన్స్‌కి పేగు ఆపరేషన్ అయ్యాక జబ్బు మళ్లీ ఎందుకు వస్తుంది? ఎవరికి ముప్పు ఎక్కువ?

నర్సీపట్నం: "ఆపరేషన్ అయిపోయింది, పాడైన పేగు తీసేశారు, ఇంక మందులెందుకు?" క్రోన్స్ వ్యాధికి ఆపరేషన్ చేయించుకొని విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో ఇంటికి వచ్చిన ప్రతి కుటుంబంలో ఈ ప్రశ్న వస్తుంది. నొప్పి పోయింది, విరేచనాలు తగ్గాయి, మనిషి రెండు పూటలా తింటున్నాడు. బరువు కూడా పెరుగుతున్నాడు. అమ్మీ మొహంలో మళ్లీ నవ్వు కనిపిస్తోంది. ఇంత బాగున్న మనిషిని మళ్లీ ఆరు నెలలకి కొలనోస్కోపీకి రమ్మంటే డబ్బు దండగ అనిపించడం సహజమే.

కానీ ఈ జబ్బు సంగతి వేరు. అపెండిక్స్ తీసేస్తే ఆ బాధ అంతటితో తీరిపోతుంది. క్రోన్స్‌లో అలా కాదు. ఆపరేషన్ పాడైన ముక్కని తీస్తుంది గానీ జబ్బుని తీయదు. అందుకే ఎవరికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, ఏవి మన చేతిలో ఉన్నాయి, ఏవి లేవు, ఎప్పుడు ఏ పరీక్ష చేయించాలి అన్నది కుటుంబం మొత్తం తెలుసుకోవాలి. ఇది రాస్తున్నది డాక్టర్ కాదు, కామర్స్ చదివిన రిపోర్టర్. కాబట్టి దీన్ని మీ డాక్టర్‌తో మాట్లాడే ముందు చదువుకునే కాగితంగా తీసుకోండి. మందు మార్చడం, ఆపడం మాత్రం డాక్టర్ చెబితేనే.

అసలు క్రోన్స్ అంటే ఏమిటి?

మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత పేగు మీదే దాడి చేయడం వల్ల పేగు గోడలో వాపు, పుండ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బు ఇది. 1932లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రి డాక్టర్లు బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఒపెన్‌హైమర్ దీని గురించి రాశారు. ఆ పేరే నిలిచిపోయింది. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు గానీ, ఎక్కువగా చిన్నపేగు చివరి భాగంలో, అది పెద్దపేగుతో కలిసే చోట వస్తుంది.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే పళ్లెంలో తిన్నా, ఒకే బాత్రూమ్ వాడినా రాదు. ఎవరి పాపం వల్లో, దిష్టి వల్లో వచ్చింది కూడా కాదు.

"ఇది పట్నం వాళ్ల జబ్బు, మన దగ్గర ఎక్కడుంది" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టర్లు కడుపు సమస్యలున్న 30 వేల మందికి పైగా కొలనోస్కోపీ చేసి చూసిన అధ్యయనం 2023లో వచ్చింది. పల్లెల్లో కూడా ఈ తరహా పేగు జబ్బులు పట్నాల్లోలాగే కనిపిస్తున్నాయని అందులో తేలింది. కాబట్టి నర్సీపట్నం, గొలుగొండ, నాతవరం లాంటి చోట్ల ఎవరికైనా క్రోన్స్ అని చెబితే అది వింతేమీ కాదు.

ఆపరేషన్ ఎందుకు చేస్తారు?

పేగు వాచి వాచి సన్నబడిపోయి తిండి ముందుకి కదలనప్పుడు, పేగుకి చిల్లు పడినప్పుడు, లోపల చీము గడ్డ కట్టినప్పుడు, ఒక పేగు నుంచి ఇంకో పేగుకో మూత్రాశయానికో చర్మానికో దారి పడినప్పుడు ఆపరేషన్ తప్పదు. ఇలా దారి పడటాన్ని ఫిస్టులా అంటారు. పాత రోజుల్లో జబ్బు బయటపడిన పదేళ్లలోపు దాదాపు సగం మందికి ఆపరేషన్ అవసరమయ్యేది. కొత్త మందులు వచ్చాక ఆ సంఖ్య తగ్గింది.

ఎక్కువగా చేసే ఆపరేషన్‌లో చిన్నపేగు చివరి భాగాన్ని, పెద్దపేగు మొదటి భాగాన్ని తీసేసి, మిగిలిన రెండు కొసల్నీ కలుపుతారు. ఈ అతుకునే గుర్తు పెట్టుకోండి. జబ్బు మళ్లీ వస్తే చాలావరకు ఇక్కడే, ఈ అతుకుకి కాస్త పైనున్న చిన్నపేగులోనే మొదలవుతుంది.

మళ్లీ వస్తుందంటే ఎలా వస్తుంది?

ఇది మూడు మెట్లలో వస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

మొదటి మెట్టు: కొలనోస్కోపీలో మాత్రమే కనిపించే చిన్న చిన్న పుండ్లు. మనిషికి ఏ బాధా ఉండదు. బెల్జియంలోని ల్యూవెన్‌లో డాక్టర్ పాల్ రట్‌గీర్ట్స్ బృందం చేసిన పాత అధ్యయనాల్లో, నివారణ మందు వాడనివాళ్లలో ఏడాదిలోపే సుమారు 70 శాతం మందికి ఇలాంటి పుండ్లు కనిపించాయి.

రెండో మెట్టు: నొప్పి, విరేచనాలు, బరువు తగ్గడం. ఇవి నెలల తర్వాత గానీ ఏళ్ల తర్వాత గానీ బయటపడతాయి. ఏడాదిలోపు ఇలా బాధలు తిరిగి వచ్చేది 20 నుంచి 30 శాతం మందికే.

మూడో మెట్టు: ఇంకో ఆపరేషన్. అనేక అధ్యయనాలు కలిపి చూస్తే, మొదటి ఆపరేషన్ అయిన ఐదేళ్లలో సుమారు 24 శాతం మందికి, పదేళ్లలో సుమారు 35 శాతం మందికి రెండో ఆపరేషన్ అవసరమైంది.

అంటే ఒంట్లో బాగున్నట్టు అనిపించడం, పేగు బాగుండటం ఒకటి కాదు. "బాగానే ఉన్నాడు కదా" అనుకుని మందులు ఆపేసిన నెలల్లోనే లోపల జబ్బు మళ్లీ మొదలై ఉండొచ్చు. వచ్చే ప్రతిసారీ కాస్త పేగు పోతుంది. పేగు అనేది బ్యాంకులో వేసుకున్న అసలు లాంటిది, తీసిన కొద్దీ తరుగుతుంది గానీ తిరిగి జమ కాదు. మొదటి మెట్టు దగ్గరే పట్టుకోవాలని డాక్టర్లు అనేది అందుకే.

ముప్పు ఎవరికి ఎక్కువ?

అందరికీ ఒకేలా రాదు. కింద చెప్పిన వాటిలో ఎన్ని మీకు వర్తిస్తాయో చూసుకోండి.

*1. పొగ.* మన చేతిలో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఇదే. ఆపరేషన్ తర్వాత కూడా పొగ తాగేవాళ్లకి, తాగనివాళ్లతో పోలిస్తే జబ్బు తిరిగి వచ్చే అవకాశం సుమారు రెండింతలు. పదేళ్లలో మళ్లీ ఆపరేషన్ పడే అవకాశం రెండున్నర రెట్లు. మంచి కబురేమిటంటే, మానేసినవాళ్ల ముప్పు ఎప్పుడూ తాగనివాళ్ల దగ్గరికి దిగివస్తుంది. సిగరెట్ అనగానే అబ్బాయిలే గుర్తొస్తారు. మన ఉత్తరాంధ్రలో బీడీ, చుట్ట కూడా ఉన్నాయి. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దావిడలు ఇప్పటికీ కనిపిస్తారు. డాక్టర్ "సిగరెట్ తాగుతారా" అని అడిగితే "లేదు" అని ఊరుకోకండి. చుట్ట, బీడీ, హుక్కా ఏది ఉన్నా చెప్పాలి.

*2. ఇంతకుముందే పేగు ఆపరేషన్ అయి ఉండటం.* ఒకసారి తీసినచోటే మళ్లీ వచ్చి రెండోసారి తీయాల్సి వచ్చిందంటే, మూడోసారి వచ్చే అవకాశం కూడా ఎక్కువే అని లెక్క.

*3. చిల్లు పడే రకం జబ్బు.* పేగు సన్నబడటం వల్ల ఆపరేషన్ అయినవాళ్లకంటే చిల్లు, చీము గడ్డ, ఫిస్టులా వల్ల ఆపరేషన్ అయినవాళ్లకి ముప్పు ఎక్కువ.

*4. మలద్వారం దగ్గర జబ్బు.* అక్కడ చీము కారడం, ఫిస్టులా ఉండటం జబ్బు తీవ్రంగా ఉందనడానికి గుర్తు. చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు సిగ్గుతో ఇది డాక్టర్‌కి చెప్పరు. పైల్స్ అనుకుని నాటు మందు వాడతారు. దయచేసి దాచకండి. కావాలంటే లేడీ డాక్టర్‌నో నర్సునో అడిగి చెప్పుకోండి.

*5. చిన్న వయసు.* 30 ఏళ్లలోపు ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ. పైగా ఇంకా చాలా ఏళ్ల జీవితం ముందుంది కాబట్టి, మొదట్లోనే గట్టిగా చూసుకోవాలి.

*6. ఎక్కువ పొడవు పేగు పాడవడం.* 50 సెంటీమీటర్లకి పైగా చిన్నపేగు తీయాల్సి వచ్చినవాళ్లని, లోపల ఇంకా జబ్బున్న భాగం మిగిలినవాళ్లని ఎక్కువ ముప్పు ఉన్నవాళ్లుగా చూస్తారు.

*7. బయాప్సీ రిపోర్టులో కనిపించే గుర్తులు.* తీసిన పేగు ముక్కని మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు గ్రాన్యులోమాలు, పేగు గోడలోని నరాల చుట్టూ వాపు, కోసిన అంచులో కూడా వాపు కనిపిస్తే ముప్పు పెరుగుతుందని అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. అందుకే ఆ రిపోర్టు కాగితం పారేయకండి.

*8. ఆపరేషన్ తర్వాత ఏ మందూ వాడకపోవడం.* పైవాటిలో ఒక్కటైనా ఉన్న మనిషి మందు వాడకపోతే అది మనమే తెచ్చుకున్న ముప్పు.

ఇక తక్కువ ముప్పు ఎవరికి? 50 దాటినవాళ్లు, పొగ తాగనివాళ్లు, ఇదే మొదటి ఆపరేషన్ అయినవాళ్లు, చిన్న ముక్క మాత్రమే సన్నబడినవాళ్లు, పదేళ్లకు పైగా జబ్బుతో ఉండి ఇప్పుడే ఆపరేషన్ పడ్డవాళ్లు. వీళ్లకి కొన్నిసార్లు మందు లేకుండానే, కొలనోస్కోపీతో కనిపెట్టి చూద్దాం అని డాక్టర్ చెప్పొచ్చు. అది నిర్లక్ష్యం కాదు, ఒక పద్ధతే. కానీ ఆ కొలనోస్కోపీకి వెళ్లకపోతే మాత్రం ఆ పద్ధతికి అర్థం లేదు.

ఆరో నెల కొలనోస్కోపీ ఎందుకంత ముఖ్యం?

ఆపరేషన్ అయిన 6 నుంచి 12 నెలల మధ్య ఒకసారి కొలనోస్కోపీ చేయించాలన్నది ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తున్న పద్ధతి. అందులో అతుకు దగ్గర కనిపించేదాన్ని బట్టి రట్‌గీర్ట్స్ స్కోర్ ఇస్తారు. రిపోర్టులో ఐ0 నుంచి ఐ4 దాకా రాసి ఉంటుంది.

ఐ0 అంటే ఏ పుండూ లేదు. ఐ1 అంటే ఐదు లేదా అంతకంటే తక్కువ చిన్న పుండ్లు. ఐ2 అంటే ఐదుకి మించిన పుండ్లు, లేదా అతుకు దగ్గరే కాస్త పెద్ద పుండ్లు. ఐ3 అంటే పేగు పొడవునా పరుచుకున్న పుండ్లు, వాపు. ఐ4 అంటే పెద్ద పుండ్లు, గడ్డలు, పేగు సన్నబడటం. ఐ0, ఐ1 వచ్చినవాళ్లలో మూడేళ్లలో బాధలు తిరిగి వచ్చింది 5 శాతం లోపే. ఐ4 వచ్చినవాళ్లలో సుమారు 90 శాతం. ఐ2 నుంచి పైకి ఉంటే మందు పెంచాలా, మార్చాలా అని డాక్టర్ ఆలోచిస్తారు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 174 మందితో చేసిన పోసర్ అనే అధ్యయనం 2015లో వచ్చింది. ఆరో నెలలో కొలనోస్కోపీ చేసి, అవసరమైతే మందు పెంచినవాళ్లలో 18 నెలలకి 49 శాతం మందికి జబ్బు తిరిగి కనిపించింది. కొలనోస్కోపీ లేకుండా మందులు మాత్రమే వాడినవాళ్లలో అది 67 శాతం. మందు వాడితే చాలు, చూడక్కర్లేదు అనుకోకూడదని దీంతో తేలింది.

కొలనోస్కోపీల మధ్యలో మలంలో కల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష బాగా పనికొస్తుంది. ఇది పేగులో వాపుని పట్టిస్తుంది. 100 కంటే తక్కువ ఉంటే జబ్బు తిరిగి రాలేదని చాలావరకు నమ్మొచ్చు. ఎక్కువ వస్తే కొలనోస్కోపీతో తేల్చుకోవాలి. మామూలు రక్త పరీక్ష బాగుంది కాబట్టి పేగు కూడా బాగుంది అనుకోవద్దు.

మందులు: ఏవి పనిచేస్తాయి, ఏవి చేయవు?

ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకి బాగా పనిచేస్తున్నది ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి బయాలజిక్ మందులు. 2016లో వచ్చిన ప్రివెంట్ అధ్యయనంలో, ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో 30.6 శాతం మందికి కొలనోస్కోపీలో జబ్బు తిరిగి కనిపిస్తే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 60 శాతం మందికి కనిపించింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ని సెలైన్‌లా ఎక్కిస్తారు, సాధారణంగా ఎనిమిది వారాలకోసారి. అడాలిముమాబ్ రెండు వారాలకోసారి ఇంట్లోనే వేసుకునే ఇంజెక్షన్. వీటికి మన దేశంలో తయారైన రకాలు 2014 నుంచి దొరుకుతున్నాయి, ఖర్చు విదేశీ మందులకంటే తక్కువ. ఈ ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. విశాఖలో కొని బస్సులో నర్సీపట్నం తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో తేవాలి. మందు నేరుగా ఐస్‌కి తగలకూడదు, గడ్డకట్టకూడదు.

వీటికి ముందు ఒక జాగ్రత్త. మన దేశంలో టీబీ ఎక్కువ. ఒంట్లో నిద్రపోతున్న టీబీని ఈ మందులు లేపగలవు. అందుకే ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష చేశాకే మొదలుపెడతారు. పైగా పేగు టీబీ, క్రోన్స్ చూడటానికి ఒకేలా ఉంటాయి. క్రోన్స్ ఉన్నవాళ్లలో చాలామంది ముందు టీబీ మందులు వాడినవాళ్లే. ఎప్పుడు, ఎన్ని నెలలు వాడారో తప్పకుండా చెప్పండి.

అజాథయోప్రిన్, మెర్‌కాప్టోప్యూరిన్ మాత్రలు చౌక, కొంత పనిచేస్తాయి. బ్రిటన్‌లో 240 మందితో చేసిన టాపిక్ అధ్యయనంలో మెర్‌కాప్టోప్యూరిన్ వల్ల స్పష్టమైన లాభం పొగ తాగేవాళ్లలోనే కనిపించింది. ఈ మాత్రలు కొందరిలో తెల్ల రక్తకణాల్ని ప్రమాదకరంగా తగ్గిస్తాయి, జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. మొదటి వారాల్లో రక్త పరీక్ష మానకూడదు. మెట్రోనిడాజోల్‌ని మొదటి మూడు నెలలు ఇస్తే జబ్బు తిరిగి రావడం కొంత తగ్గుతుంది. అరికాళ్లలో తిమ్మిర్లు మొదలైతే వెంటనే చెప్పాలి.

జబ్బు మళ్లీ రాకుండా స్టెరాయిడ్లు ఆపలేవు. ప్రోబయోటిక్ పొడులు కూడా ఆపుతాయని రుజువు లేదు. మెసలమిన్ లాభం చాలా స్వల్పం. ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కొందరిలో జబ్బుని రేపుతాయి. జ్వరానికో నొప్పికో పారాసెటమాల్ చాలావరకు సరిపోతుంది.

ప్రతి విరేచనం జబ్బు తిరిగి రావడమేనా?

కాదు. చిన్నపేగు చివరి భాగం తీసేశాక పైత్యరసం సరిగా పీల్చుకోక నీళ్ల విరేచనాలు రావచ్చు. దానికి వేరే మందుంది. ఆ భాగమే బి12 విటమిన్ కూడా పీల్చుకుంటుంది కాబట్టి, ఎక్కువ తీసినవాళ్లకి బి12 ఇంజెక్షన్లు జీవితాంతం పడొచ్చు. నీరసం, కాళ్ల తిమ్మిర్లు వస్తే బి12 చూపించుకోండి. లోపలి అతుకుల వల్ల కూడా కడుపు నొప్పి రావచ్చు. అందుకే పరీక్ష లేకుండా "మళ్లీ వచ్చేసింది" అని బెంగపడటమూ వద్దు, "ఏమీ కాదులే" అనుకోవడమూ వద్దు.

వాంతులతో కడుపు ఉబ్బి గ్యాస్ కూడా పోకపోతే, తీవ్రమైన నొప్పి, జ్వరం, మలంలో రక్తం వస్తే ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రి నిద్రలో లేచి మరీ విరేచనాలకి వెళ్లడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆ వారంలోనే చూపించుకోవాలి.

తిండి, రోజా

ఫలానా తిండి తింటే జబ్బు తిరిగి వస్తుందని గానీ, ఫలానాది తింటే రాదని గానీ గట్టి రుజువు లేదు. బిర్యానీలో కారం ఎక్కువైతే కడుపులో మంట రావచ్చు, అంతమాత్రాన పుండ్లు రావు. పేగు సన్నబడి ఉంటే మాత్రం పీచు ఎక్కువున్న పచ్చి కూరలు, గింజలు ఇరుక్కోవచ్చు. తిండి మరీ తగ్గించేసి మనిషిని ఎండగట్టడం ఇంకా ప్రమాదం.

రంజాన్‌లో రోజా ఉండొచ్చా అని అడిగేవాళ్లు చాలామంది. జబ్బు మనిషికి దీన్‌లో సడలింపు ఉంది, తర్వాత కజా తీర్చుకోవచ్చు, అదీ కుదరని వాళ్లకి ఫిద్యా ఉంది. ఆపరేషన్ అయి కొద్ది నెలలే అయినవాళ్లకి, కడుపు మీద సంచి ఉన్నవాళ్లకి, చాలా పేగు తీసినవాళ్లకి ఒంట్లో నీరు ఆరిపోయే ప్రమాదం ఉంది. జబ్బు నెమ్మదించి ఉన్నవాళ్లు రంజాన్‌కి నెల ముందే డాక్టర్‌తో మాట్లాడి, మాత్రల్ని సహరీకీ ఇఫ్తార్‌కీ మార్చుకోవచ్చేమో అడగండి. చెప్పకుండా మందు మానేసి రోజా ఉండటం మాత్రం వద్దు.

ఫైల్లో ఉండాల్సిన కాగితాలు

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మామూలు చికిత్స, రక్త పరీక్షలు జరుగుతాయి గానీ, ఈ జబ్బుకి గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టర్ కావాలి. అంటే విశాఖ కేజీహెచ్‌కో వేరే పెద్ద ఆసుపత్రికో వెళ్లాలి. ప్రతిసారీ అక్కడ కొత్త డాక్టర్ కనిపించొచ్చు. అందుకే ఒక ఫైల్ పెట్టుకోండి. ఎంత పొడవు పేగు తీశారో రాసి ఉన్న డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, పాత టీబీ చికిత్స కాగితాలు, ప్రతి కొలనోస్కోపీ రిపోర్టు, వాడిన మందుల పేర్లు, ఆపిన తేదీలు, నెలనెలా బరువు అందులో ఉండాలి. ప్రభుత్వ వైద్య సేవ కార్డు ఉంటే ఏ చికిత్సకి వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే అడగండి.

డిశ్చార్జ్ రోజునే డాక్టర్‌ని నాలుగు ప్రశ్నలు అడగాలి. నాకు ముప్పు ఎక్కువా, తక్కువా? ఏ మందు, ఎప్పటి నుంచి? కొలనోస్కోపీ ఏ నెలలో? బి12 చూపించుకోవాలా? జవాబుల్ని కాగితం మీద రాయించుకోండి. కొలనోస్కోపీ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద ఇప్పుడే గుర్తు పెట్టండి. ఆ రోజుకి మనిషి ఎంత బాగున్నా సరే, బస్సెక్కించండి.